హోవా లో జైలుకి ఒక పూట పెట్టుకోండి

కాకినాడ

చి. సౌ. అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన వియత్నాం ప్లాన్ తీరిగ్గా చదివాను. హోటళ్లు, రైలు, హాలాంగ్ పడవ ప్రయాణం అన్నీ బాగా చూసుకున్నావు. హనోయిలో రెండో రోజు ఒక్కటే మార్చాలి. "హోవా లో జైలు 45 నిమిషాలు, తర్వాత షాపింగ్" అని రాశావు. హోవా లో అన్నది ఫ్రెంచి వాళ్లు కట్టిన పాత జైలు పేరు, ఇప్పుడది మ్యూజియం. అంతలో లోపలికెళ్లి బయటికి రావచ్చు, ఫొటోలు కూడా వస్తాయి. కానీ చూసింది ఏమిటో మనసుకి పట్టదు. పెద్దాడికి పదకొండేళ్లు వచ్చాయి, వాడు అడిగే ప్రశ్నలు మామూలుగా ఉండవు. అక్కడ నిలబడి వాడికి ఏం చెప్పాలో నీకు ముందే తెలిసి ఉండాలి. ఫోన్లో అయితే సగం మరిచిపోతాం కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

ముందుగా, చిన్నదాన్ని లోపలికి తీసుకెళ్లకు. అక్కడ గదులు చీకటిగా ఉంటాయి. ఎముకలు తేలిన మనుషుల బొమ్మలు వరసగా, కదలకుండా కాళ్లు బొండ కొయ్యల్లో బిగించి కూర్చోబెట్టి ఉంటాయి. ఒక గదిలో తల నరికే గిలెటిన్ యంత్రం ఉంది. అది నమూనా కాదు, వాడినదే. అయిదేళ్ల పిల్లకి అవి చూపించి, రాత్రి హోటల్ గదిలో అది ఉలిక్కిపడి లేస్తుంటే నువ్వు టెన్షన్ పడటం ఎందుకు? మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆవిడకి నిలబడి ఫలకాలు చదవడం కష్టం. ఆవిడనీ చిన్నదాన్నీ అల్లుడుగారు హోవన్ కీమ్ చెరువు దగ్గర కూర్చోబెట్టుకుంటే సరి. అక్కడ నీళ్ల మధ్య గుడి, దానికి ఎర్ర చెక్క వంతెన, చుట్టూ చెట్ల నీడన బెంచీలు ఉన్నాయి. చిన్నదానికి హాయిగా ఉంటుంది. జైలు అక్కడికి నడిచి వెళ్లేంత దూరమే. నువ్వు, పెద్దాడు పొద్దున వెళ్లండి. మధ్యాహ్నం నువ్వు వాళ్ల దగ్గర ఉంటే అల్లుడుగారు ఒక్కరే వెళ్లి నిదానంగా చూసుకుని వస్తారు. ఆయన చరిత్ర పుస్తకాలు చదివే మనిషి, ఒంటరిగా చూడటమే ఆయనకి నచ్చుతుంది.

జైలు పొద్దున 8 గంటలకి తెరుస్తారు, సాయంత్రం 5కి మూస్తారు. తెరిచే వేళకే గేటు దగ్గర ఉండండి. పది దాటాక టూరిస్టు బస్సులు వస్తాయి, ఆ సన్నటి దారుల్లో జనం ఒకరినొకరు తోసుకుంటారు. టికెట్ 50,000 డాంగ్‌లు. సున్నాలు చూసి కంగారు పడకు, మన లెక్కలో 170, 180 రూపాయలు. ధరలు మారుతుంటాయి కాబట్టి వెళ్లే ముందు ఒకసారి చూసుకో. ఆడియో గైడ్‌కి వేరే డబ్బు కట్టాలి, అది తప్పకుండా తీసుకో. ఇంగ్లిష్‌లో ఉంటుంది. పెద్దాడు మొత్తం వినక్కర్లేదు. కొన్ని చోట్ల ఆ గొంతు, వెనక సంగీతం మనసుని బాగా పిండేస్తాయి. నువ్వు విని, వాడికి నీ మాటల్లో చెప్పు. రాత్రిపూట అక్కడ నాటకంలా నటించి చూపించే ప్రత్యేక కార్యక్రమం కూడా పెడుతున్నారు. పిల్లలతో దానికి వద్దు.

బయల్దేరే ముందు ఇంట్లోనే ఒక సాయంత్రం పెద్దాడిని కూర్చోబెట్టి కథ చెప్పు. నిరుడు పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులర్ జైలు చూశాడు కదా, అక్కడి నుంచి మొదలుపెట్టు. అండమాన్‌లో ఇంగ్లిష్ వాళ్లు సెల్యులర్ జైలు కట్టడం మొదలుపెట్టింది 1896లో. అదే ఏడాది హనోయిలో ఫ్రెంచి వాళ్లు ఒక ఊరి జనాన్ని ఖాళీ చేయించి హోవా లో కట్టడం మొదలుపెట్టారు. మన మన్యంలో అల్లూరి వెంట నడిచిన వాళ్లని ఇంగ్లిష్ వాళ్లు అండమాన్ పంపిస్తే, వియత్నాంలో తిరగబడ్డ వాళ్లని ఫ్రెంచి వాళ్లు ఇక్కడ వేశారు. ఇక ఫ్రెంచి వాళ్లంటే ఎవరో వాడికి తెలియాలంటే యానాం పేరు చెప్పు. మన ఊరి నుంచి గంట దారిలో ఉన్న యానాం ఫ్రెంచి చేతి నుంచి బయటపడింది 1954లోనే. ఆ ఏడాదే అక్టోబరు 10న, ఫ్రెంచి సైన్యం వదిలి వెళ్లిన హనోయిలోకి వియత్నాం సైన్యం వచ్చింది. వారానికే నెహ్రూ హనోయిలో దిగారు. యుద్ధ విరమణ ఎలా అమలవుతోందో చూడటానికి వేసిన అంతర్జాతీయ కమిషన్‌కి భారతదేశమే అధ్యక్షత వహించింది. ఇవన్నీ తెలిస్తే ఆ దేశం వాడికి పరాయిగా అనిపించదు.

గేటు మీద ఇప్పటికీ ఫ్రెంచిలో "మెజాన్ సెంట్రాల్" అని రాసి ఉంటుంది. గేటు వెనక ఎత్తైన టవర్లు కనిపిస్తాయి. 1990ల్లో జైలులో ఎక్కువ భాగం కూల్చేసి ఆ భవనాలు కట్టారు. ఇప్పుడు మనం చూసేది మిగిలిన ముక్క మాత్రమే. ఆ మాట పెద్దాడికి ముందే చెప్పు. లేకపోతే ఇంత చిన్నదా అనుకుంటాడు. లోపల ప్రహరీ గోడ మాత్రం అసలుదే. నాలుగు మీటర్ల ఎత్తు, పైన గాజు పెంకులు, కరెంటు తీగలు. ఆ గోడ దగ్గర ఒకసారి ఆగి తలెత్తి చూడమను.

మగ ఖైదీల హాల్లో రెండు పక్కలా సిమెంటు అరుగులు, వాటి చివర కాళ్లు బిగించే బొండ కొయ్యలు ఉంటాయి. అక్కడే పడుకోవాలి, అక్కడే తినాలి, ఒక మూల మెట్ల మీద అందరి ఎదురుగా దొడ్డికి పోవాలి. అయిదొందల మందికి కట్టిన జైల్లో చివరి రోజుల్లో రెండు వేల మంది దాకా కుక్కారు. తర్వాత చీకటి కొట్లు వస్తాయి. ఒక్కొక్కరినీ విడిగా, కాళ్లకి సంకెళ్లు వేసి ఉంచిన చోటు. నేలంతా వాలుగా ఉంటుంది. నిద్ర కూడా పట్టకూడదని అలా చేశారు. అక్కడ ఎక్కువసేపు నిలబడొద్దు, నీకు మూసిన గదులంటే ఊపిరాడదు కదా. తలుపులోంచి చూసి ముందుకి వెళ్లిపో.

ఆడవాళ్ల గది దగ్గర మాత్రం ఆగు. అక్కడ పసిపిల్లలతో సహా తల్లుల్ని ఉంచారు. పాలు తాగే బిడ్డని ఒళ్లో పెట్టుకుని సంకెళ్లలో ఉన్న తల్లి బొమ్మ ముందు నేను చాలాసేపు ఉండిపోయాను. నువ్వు చదవాల్సిన పేరు ఇంకొకటి ఉంది, ఙుయెన్ థి క్వాంగ్ థాయ్. ఆమె భర్త వో ఙుయెన్ జాప్. 1954లో దియెన్ బియెన్ ఫూ దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిన సేనాపతి ఆయన. ఆయన అడవుల్లో ఉద్యమం నడుపుతున్నప్పుడు, చిన్న కూతుర్ని ఇంట్లో వదిలి ఆమె ఈ జైలుకి వచ్చింది. 1944లో ఇక్కడే చనిపోయింది. ఆ సంగతి ఆయనకి మరుసటి ఏడాదికి గానీ తెలియలేదు. యుద్ధం గెలిచిన వాళ్ల ఇళ్లలో ఏం పోయిందో పిల్లలకి చెప్పాలంటే ఇంతకంటే పెద్ద కథ అక్కర్లేదు.

గిలెటిన్ గది గురించి నా మాట విను. పెద్దాడు చూస్తానంటే చూడనివ్వు, వద్దంటే బలవంతం చేయకు. పక్కన గోడ మీద ఉన్న ఫొటోలు దారుణంగా ఉంటాయి. అవి వాడి వయసుకి వద్దు. యంత్రం దగ్గర మనుషులు నవ్వుతూ సెల్ఫీలు తీసుకోవడం నేను కళ్లారా చూశాను. బొండ కొయ్యలో కాలు పెట్టి ఫొటో దిగిన వాళ్లనీ చూశాను. పక్కనే ఒక వియత్నాం పెద్దావిడ అగరొత్తులు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ మొహం చూడలేక నేను పక్కకి తిరిగాను. అమ్మలూ, మనవాళ్లెవరూ అలా చేయొద్దు. బొమ్మల పక్కన నిలబడి ఫొటోలు వద్దు, రీల్స్ అసలే వద్దు. ఫొటో తీసుకోవాలంటే గేటు, చెట్టు, గోడ తీసుకోండి. మెట్ల పైన అమరవీరుల స్మారకం ఉంది. అక్కడ ఎవరైనా దండం పెట్టుకుంటుంటే వాళ్లు అయ్యేదాకా ఆగి, చెప్పులు చప్పుడు కాకుండా నడవండి. బట్టలు కూడా గుడికి వెళ్లేటప్పటిలాగే, పొట్టి నిక్కర్లు లేకుండా. జూలై 27న వాళ్లు యుద్ధవీరుల్ని తలుచుకునే రోజు. మీరు డిసెంబరులో వెళ్తున్నారు కాబట్టి ఆ రద్దీ ఉండదు.

ముంగిట్లో బాదం చెట్టు ఉంది, దాన్ని వదిలి పోవద్దు. మన పెరట్లో ఉండే బాదం చెట్టే. చిన్నప్పుడు నువ్వూ మీ అన్నయ్యా రాయి పెట్టి కాయలు కొట్టుకుని తినేవారు, అమ్మమ్మ ఆకులతో విస్తళ్లు కుట్టేది. హోవా లోలో ఖైదీలకి అదే మందు, అదే తిండి, అదే పనిముట్టు. కాయలు తినేవారు. విరేచనాలు పట్టుకుంటే చిగుళ్లు, బెరడు నమిలేవారు. కొమ్మలతో పిల్లనగ్రోవులు, పొగ పీల్చే గొట్టాలు చేసుకున్నారు. పెద్దాడికి అక్కడ ఆకు ఒకటి చేతికిచ్చి చూపించు. జైలు అంటే గోడలు, సంకెళ్లు అనే కదా వాడు అనుకుంటాడు. లోపల ఉన్నవాళ్లు ఎలా బతికారో చెట్టు దగ్గర అర్థమవుతుంది. వాళ్లు దొంగచాటుగా పాఠాలు చెప్పుకున్నారు, చేత్తో పత్రికలు రాసుకున్నారు. ఈ జైల్లో ఉండి బయటికి వచ్చిన వాళ్లలో అయిదుగురు తర్వాత అక్కడి కమ్యూనిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శులయ్యారు.

మురుగు కాలవ కథ వాడికి బాగా నచ్చుతుంది. 1951 డిసెంబరు 24 రాత్రి, ఫ్రెంచి అధికారులు క్రిస్మస్ పండగలో ఉండగా, మరణశిక్ష పడ్డ పదహారు మంది కాలవ ఇనుప చువ్వలు కోసి అందులోంచి పాక్కుంటూ పోయారు. అయిదుగురే తప్పించుకోగలిగారు. మిగతావాళ్లు మళ్లీ దొరికిపోయారు. అంతకు ముందు 1945 మార్చిలో జపాన్ వాళ్లు ఫ్రెంచి వాళ్లని దించేసిన గందరగోళంలో వందమందికి పైగా బయటపడ్డారు. ఆ కాలవ ముక్కని, చువ్వల్ని అక్కడ పెట్టారు. వాడు వంగి లోపలికి చూస్తాడు, చూడనివ్వు. ఎంత సన్నగా ఉందో వాడికి వాడే కొలుచుకుంటాడు.

ఇక అసలు కష్టమైన చోటు చివర్లో ఉంది. అక్కడికి వచ్చేసరికి అందరికీ కాళ్లు లాగుతుంటాయి, చకచకా దాటేస్తారు. నీకు పూట మొత్తం పెట్టుకోమన్నది ఆ రెండు గదుల కోసమే.

ఫ్రెంచి వాళ్లు పోయాక అమెరికాతో యుద్ధం వచ్చింది. 1964 ఆగస్టు నుంచి 1973 దాకా ఇదే జైల్లో వియత్నాం వాళ్లు అమెరికా పైలట్లని ఉంచారు. బాంబులు వేయడానికి వచ్చి, విమానాలు కూలి దొరికిపోయిన వాళ్లు. వాళ్ల గదుల్లో నీకు కనిపించే ఫొటోలు ఏమిటంటే: బాస్కెట్‌బాల్ ఆడుతున్న ఖైదీలు, క్రిస్మస్ చెట్టు అలంకరిస్తున్న ఖైదీలు, చదరంగం, వంట, ఇంటి నుంచి వచ్చిన పార్శిళ్లు. వాళ్లని ఎంతో బాగా చూసుకున్నాం అని ఫలకాలు చెబుతాయి. అంతవరకు ఫ్రెంచి వాళ్ల క్రూరత్వం గది గదికీ చూసి వచ్చిన మనకి, అది చూడగానే ప్రాణం కుదుటపడినట్టు ఉంటుంది. అక్కడే జాగ్రత్తగా ఉండాలి. విడుదలై ఇంటికి వెళ్లాక ఆ పైలట్లు చెప్పింది వేరే. తాళ్లతో చేతులు వెనక్కి విరిచి కట్టి, భుజాలు తప్పిపోయేలా చేసి ఒప్పుకోలు రాయించుకోవడం, ఏళ్ల తరబడి ఒంటరి గదులు. 1969 చివర తర్వాత కొంచెం నయమైందని వాళ్లే చెప్పారు. 1966లో జెరమయా డెంటన్ అనే పైలట్‌ని టీవీ కెమెరా ముందు కూర్చోబెట్టి, బాగా చూసుకుంటున్నారని చెప్పించబోయారు. ఆయన మాట్లాడుతూనే కనురెప్పలు కొట్టి మోర్స్ సంకేతంలో "టార్చర్" అని అక్షరాలు పంపాడు. ఒకరితో ఒకరు మాట్లాడటం నిషేధం కాబట్టి గోడల మీద వేళ్లతో తట్టి మాట్లాడుకునేవారు. ఇరవై అయిదు అక్షరాల్ని అయిదు వరసలుగా అయిదేసి పేర్చి, ముందు వరస నంబరు, తర్వాత అక్షరం నంబరు తట్టడం. పెద్దాడికి ఇది కాగితం మీద వేసి చూపించు, పది నిమిషాల్లో నేర్చేసుకుంటాడు. ఇవేవీ ఆ గదుల్లో నీకు కనిపించవు. అందుకే ముందే తెలుసుకుని వెళ్లమంటున్నాను.

అప్పుడు పెద్దాడు తప్పకుండా అడుగుతాడు, "మరి మంచివాళ్లెవరు అమ్మా?" అని. ఇన్నేళ్లు బడిలో సోషల్ చెప్పిన దాన్ని, పిల్లలు ఈ ప్రశ్న అడగకుండా ఉండరని నాకు తెలుసు. ఇద్దరూ ఇద్దరే అని తేల్చేయకు, అది నిజం కాదు. పరాయి దేశాన్ని పట్టుకుని జైలు కట్టిన వాళ్లూ, సొంత ఊరి కోసం అందులో పడ్డ వాళ్లూ ఒకటి కాదు. ఆ పైలట్లు ఎక్కడి నుంచి వచ్చారు, కింద ఎవరున్నారు అన్నది కూడా చెప్పు. 1972 డిసెంబరులో పన్నెండు రోజులు బి-52 విమానాలు హనోయి మీద బాంబులు వేశాయి. బాక్ మాయ్ ఆసుపత్రి మీద పడ్డాయి. 26వ తేదీ రాత్రి ఖామ్ థియెన్ వీధి నేలమట్టమైంది. ఆ వీధిలో ఇప్పుడు చిన్న స్మారకం ఉంది. ఇదంతా చెప్పాక, సంకెళ్లలో ఉన్న మనిషిని కొట్టడం తప్పే అని కూడా చెప్పు. కొట్టింది మనకి ఇష్టమైన పక్షం వాళ్లయినా సరే తప్పే. ఫ్రెంచి వాళ్లు బిగించిన కొయ్యల గురించి బాధపడి, అమెరికా వాడి భుజం దగ్గరికి వచ్చేసరికి వాడికి తగిన శాస్తి అనుకోకూడదు. పదకొండేళ్ల పిల్లాడికి ఇది అర్థం కాదనుకోకు. పెద్దవాళ్ల కంటే వాళ్లకే తొందరగా అర్థమవుతుంది.

గాజు పెట్టెలో జాన్ మెకెయిన్‌ది అని రాసిన పైలట్ దుస్తులు కనిపిస్తాయి. 2008లో ఒబామా మీద పోటీ చేసిన ఆయనే. 1967 అక్టోబరు 26న ఆయన విమానం కూలి, రెండు చేతులూ ఒక కాలూ విరిగి, హనోయి నడిబొడ్డున ట్రుక్ బాక్ చెరువులో పడ్డాడు. తండ్రి పెద్ద నౌకాదళ అధికారి కాబట్టి ముందుగా వదిలేస్తామన్నారు. తనకంటే ముందు దొరికిన వాళ్లని వదలకుండా నేను వెళ్లనన్నాడు. 1973 మార్చి దాకా ఖైదులోనే ఉన్నాడు. తర్వాత సెనేటర్ అయి, రెండు దేశాల మధ్య మళ్లీ సంబంధాలు కుదరడానికి పట్టుబట్టిన వాళ్లలో ముందున్నాడు. ఆరేళ్లకు పైగా ఖైదీగా ఉన్న ఇంకో పైలట్, పీట్ పీటర్సన్, 1997లో అమెరికా రాయబారిగా అదే హనోయికి తిరిగి వచ్చాడు. 2018లో మెకెయిన్ చనిపోయినప్పుడు హనోయి జనం చెరువు ఒడ్డున, ఆయన్ని పట్టుకున్నందుకు గుర్తుగా కట్టిన రాతి ఫలకం దగ్గరే పూలు పెట్టారు. సాయంత్రం కుదిరితే పెద్దాడిని అక్కడికి తీసుకెళ్లు. చెరువు చుట్టూ కాఫీ దుకాణాలున్నాయి, మీ అత్తగారూ చిన్నదీ కూడా రావచ్చు.

గైడ్‌ని పెట్టుకుంటే ఒక సంగతి. మీ కుటుంబం ఏ పక్షం, మీ వాళ్లెవరైనా పోయారా అని మీరై మీరు అడగొద్దు. ఆ ఊళ్లో దాదాపు ప్రతి ఇంటికీ ఒక కథ ఉంటుంది. కొందరికి అది చెప్పడం ఇష్టం ఉండదు. వాళ్లే మొదలుపెడితే మాత్రం గడియారం చూసుకోకుండా వినండి. మేము వెళ్లినప్పుడు మా గైడ్ వాళ్ల తాతగారి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మీ పెదనాన్నగారు తర్వాతి ప్రోగ్రాం మానేసి, అతన్ని టీ తాగించి పూర్తిగా విన్నారు. మా ప్రయాణంలో నాకు బాగా గుర్తున్నది ఆ గంటే.

బయటికి రాగానే షాపింగ్‌కి పరిగెత్తొద్దు. దగ్గర్లో క్వాన్ సూ అని పాత బౌద్ధ గుడి ఉంది. అక్కడ అరగంట కూర్చోండి. పెద్దాడు మాట్లాడితే మాట్లాడనివ్వు, ఊరికే ఉంటే ఊరికే ఉండనివ్వు. వాడు ఏమీ అడగలేదని నువ్వే పాఠం చెప్పడం మొదలుపెట్టకు. రెండు రోజుల తర్వాత పడవలో కూర్చుని అడుగుతాడు, పిల్లలు అంతే. మధ్యాహ్నం భోజనానికి "కామ్ చాయ్" అని బోర్డు చూసుకో, అది పూర్తి శాకాహారం. మీ అత్తగారికి ఇబ్బంది ఉండదు. చేపల సాస్ వేయొద్దని మాత్రం మిగతా చోట్ల ముందే చెప్పాలి, వాళ్లు అన్నింట్లోనూ వేస్తారు.

డిసెంబరులో హనోయి మన వాళ్లు అనుకున్నంత వేడిగా ఉండదు, పొద్దున చలి వేస్తుంది. అత్తగారికి శాలువా, చిన్నదానికి స్వెటర్ చేతి సంచిలోనే పెట్టుకో. ఆ షాపింగ్ మూడో రోజు సాయంత్రానికి మార్చి, కొత్త ప్లాన్ నాకు ఒకసారి పంపు. పెద్దాడిని ఆదివారం ఫోన్ చేయమను. ఆ గోడ తట్టే లిపి వాడికి నేనే నేర్పిస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ